అంకె ఒక్కటే వెళ్తే చాలదు

నాడి ఎలా మాట్లాడుతుందో 1952లో అలన్ హాజ్కిన్, ఆండ్రూ హక్స్లీ అనే ఇద్దరు కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు లెక్కల్లో చెప్పారు. స్క్విడ్ అనే సముద్రజీవి ఒంట్లో సుమారు అర మిల్లీమీటరు మందమున్న నాడీతంతువు ఒకటి ఉంటుంది. దాని పొరలోంచి సోడియం ఎప్పుడు లోపలికి దూకుతుంది, పొటాషియం ఎప్పుడు బయటికి జారుతుంది, ఆ రాకపోకల వల్ల వోల్టేజీ ఎలా లేచి పడుతుంది అన్నదంతా నాలుగు అవకలన సమీకరణాల్లో ఇమిడ్చారు. కంప్యూటర్ అందుబాటులో లేక, చేతితో తిప్పే బ్రున్స్‌విగా లెక్కల యంత్రం ముందు హక్స్లీ వారాల తరబడి కూర్చుని ఆ సమీకరణాలను సాధించారు. లెక్కలో వచ్చిన గీత ప్రయోగంలో కనబడిన గీతకు చాలా దగ్గరగా వచ్చింది. 1963లో ఇద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఇప్పుడు ఒక విద్యార్థి వాళ్ళ 1952 వ్యాసం ముందు పెట్టుకుని సమీకరణాలను కంప్యూటర్లోకి ఎక్కించబోతున్నాడనుకుందాం. మొదటి చిక్కు వోల్టేజీ దగ్గరే ఎదురవుతుంది. నాడి విశ్రాంతిలో ఉన్నప్పటి స్థితిని హాజ్కిన్, హక్స్లీలు సున్నాగా పెట్టుకున్నారు. నాడి ఉత్తేజితమైతే వోల్టేజీ మైనస్ వైపు వెళ్తుందని రాసుకున్నారు. ఈనాటి అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు. పొటాషియం ద్వారం తెరుచుకునే వేగాన్ని చెప్పే సూత్రమే తీసుకోండి. 1952 వ్యాసం వోల్టేజీకి 10 కలపమంటుంది. గుర్తు తిప్పి రాసిన తర్వాతి పాఠ్యపుస్తకాలు 10లోంచి వోల్టేజీని తీసేయమంటాయి. విశ్రాంతి వోల్టేజీని మైనస్ 65 మిల్లీవోల్టులుగా పెట్టుకునేవాళ్ళు 55 కలపమంటారు. మూడూ సరైనవే. ఒక పుస్తకంలోంచి సగం, ఇంకో పుస్తకంలోంచి సగం తెచ్చుకుంటే మాత్రం ఆ నాడి పలకదు.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైంది. 1952 నాటి సూత్రంలో వోల్టేజీ సరిగ్గా మైనస్ 10 అయినప్పుడు పైనా సున్నా, కిందా సున్నా వస్తుంది. గణితం తెలిసినవాళ్ళు హద్దు విలువ కట్టి 0.1 అని తేలుస్తారు. కంప్యూటర్‌కి ఆ తెలివి లేదు, ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంచాలి. మూడోది ఉష్ణోగ్రత. ఆ సమీకరణాలు 6.3 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాసినవి. ప్రతి 10 డిగ్రీలకూ ద్వారాల వేగం మూడింతలవుతుందని వ్యాసంలో ఉంది కానీ, అది సమీకరణాల పట్టికలో కాక వేరే చోట ఉంది. దాన్ని చూడకుండా మామూలు గది ఉష్ణోగ్రతకు ఈ లెక్క వాడినవాళ్ళు, అసలు నాడికన్నా చాలా మందకొడి నాడిని తయారుచేసుకుంటారు.

ఇంతా చేసి, ఇది ఎంతో శ్రద్ధగా, నిండుగా రాసిన వ్యాసం. ఇందులోనే ఇన్ని మలుపులుంటే, అచ్చులో ఒక సున్నా జారిపోయిన వ్యాసం, పట్టికలో ఒక విలువ రాయడం మరిచిన వ్యాసం సంగతి ఏమిటి? జీవశాస్త్రంలో గణిత మోడళ్ళు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న ముదిరింది. అంకెలు ఒక ప్రయోగశాల నుంచి ఇంకో ప్రయోగశాలకు వెళ్తున్నాయి. వాటికి అర్థమిచ్చే సమాచారం మాత్రం వెనకే ఉండిపోతోంది.

ఈ ప్రశ్నను తమ పనిగా పెట్టుకున్నవాళ్ళు ఆక్లాండ్ నడిబొడ్డున ఉన్నారు. సైమండ్స్ స్ట్రీట్‌లో 70వ నంబరు భవనం ఒకటుంది. ఆక్లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన బయోఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ అక్కడుంది. చదువుకోవడానికి న్యూజీలాండ్ వెళ్ళిన మన పిల్లలు బస్సు దిగి తరగతులకు నడిచే వీధే అది. ఇన్‌స్టిట్యూట్‌ను 2001లో నెలకొల్పిన పీటర్ హంటర్ ఇంజనీరింగ్ చదివినవారు. 1970లలో ఆక్స్‌ఫర్డ్‌లో గుండె కండరం ఎలా ముడుచుకుంటుందన్న విషయం మీద డాక్టరేటు చేశారు. అక్కడే డెనిస్ నోబుల్‌తో కలిసి పనిచేశారు. హాజ్కిన్, హక్స్లీల సమీకరణాలను నాడి నుంచి గుండెకు మళ్ళించినవారు ఈ నోబుల్. లండన్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద తెల్లవారుజామున 2 నుంచి 4 గంటల వరకూ ఆయనకు సమయం ఇచ్చేవారు. గుండె లయను లెక్కలో పట్టిన ఆ ఫలితాన్ని 1960లో ప్రచురించారు.

హంటర్ ఆక్లాండ్‌కి తిరిగొచ్చాక సహచరులతో కలిసి గుండె గోడలో కండరపు పోగులు ఏ దిశలో ఎలా మెలితిరిగి ఉన్నాయో కొలిచి పటం గీశారు. 1991లో వెలువడిన ఆ పరిశోధన వ్యాసానికి మొదటి రచయిత పౌల్ నీల్సన్. వాళ్ళకి కావలసింది గుండె మొత్తం. దాని ఆకారం, పోగుల దిశ, ఒక్కో కణంలో నడిచే విద్యుత్తు, ఆ విద్యుత్తు వెనకున్న రసాయనాలు అన్నీ ఒకే లెక్కలో కలవాలి. ఆకారం వాళ్ళు కొలిచారు. కణాల మోడళ్ళు మాత్రం ఆక్స్‌ఫర్డ్ నుంచి, అమెరికా నుంచి, జపాన్ నుంచి రావాలి. ఒక్కొక్కరూ ఒక్కో ప్రోగ్రామింగ్ భాషలో, ఒక్కో యూనిట్లలో రాసి పెట్టుకున్నవి అవి. శరీరం మొత్తాన్నీ ఇలా లెక్కల్లోకి తేవాలన్న ఆలోచనకు 1993లో జేమ్స్ బేసింగ్‌త్వైట్ ఫిజియోమ్ అని పేరు పెట్టారు. 1997లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మశాస్త్ర మహాసభల్లో అది పెద్ద ప్రణాళికగా ముందుకొచ్చింది. ఆ ప్రణాళిక నడవాలంటే ముందు కణాల మోడళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలగాలి.

అలా పుట్టింది సెల్‌ఎంఎల్. ఆక్లాండ్ బృందం, అమెరికాలో ప్రిన్స్‌టన్‌లోని ఫిజియోమ్ సైన్సెస్ అనే సంస్థ కలిసి 1990ల చివర్లో పని మొదలుపెట్టారు. సమయం కూడా కలిసొచ్చింది. సమాచారాన్ని గుర్తుల మధ్య పెట్టి, మనిషికీ యంత్రానికీ అర్థమయ్యేలా రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతి 1998లో వచ్చింది. గణిత సమీకరణాలను అదే పద్ధతిలో రాసే మాథ్‌ఎంఎల్ కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆ రెండింటి మీద కట్టిన సెల్‌ఎంఎల్ మొదటి వెర్షన్ 2001 ఆగస్టులో వెలువడింది.

సెల్‌ఎంఎల్ ఫైలు తెరిచి చూస్తే అందులో ప్రోగ్రాం ఏమీ కనబడదు. ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి అన్న ఆదేశాలుండవు. పొర ఒక భాగం, సోడియం ద్వారం ఒక భాగం, పొటాషియం ద్వారం ఇంకో భాగం. ఒక్కో భాగంలో దాని చరరాశులు, వాటిని కలిపే సమీకరణాలు ఉంటాయి. ఏ చరరాశి ఏ భాగంలోకి వెళ్తుందో చెప్పే లంకెలు విడిగా ఉంటాయి. సమీకరణాన్ని ఎలా సాధించాలన్నది చదివే సాఫ్ట్‌వేర్ ఇష్టం. కాబట్టి ప్రోగ్రామింగ్ భాషలు మారినా, యంత్రాలు పాతబడినా, మోడల్ చెప్పే విషయం చెక్కుచెదరదు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది మరో నియమం. ప్రతి చరరాశికీ యూనిట్ రాయాలి. సమీకరణంలో వచ్చే ప్రతి అంకెకూ రాయాలి. యూనిట్ లేని అంకె అయితే, యూనిట్ లేదని రాయాలి. వదిలేయడానికి వీల్లేదు.

మన పొలాల పత్రాలు తెలిసినవారికి ఈ నియమం విలువ వేరే చెప్పక్కర్లేదు. కాగితం మీద 30 అని మాత్రమే ఉంటే అది 30 సెంట్లా, 30 గుంటలా? ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. మొదటిదైతే ఎకరంలో మూడోవంతు కూడా కాదు, రెండోదైతే ముప్పాతిక ఎకరం.

కణంలోనూ తేడా ఇంత ఘోరంగానే వస్తుంది. పొర వోల్టేజీ ఎంత వేగంగా మారుతుందో తెలియాలంటే కరెంటును పొర కెపాసిటెన్స్‌తో భాగించాలి. స్క్విడ్ నాడి లెక్కలో కరెంటు చదరపు సెంటీమీటరుకు ఇన్ని మైక్రోఆంపియర్లు, కెపాసిటెన్స్ అదే చదరపు సెంటీమీటరుకు 1 మైక్రోఫారడ్. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే, మిల్లీసెకనుకు ఇన్ని మిల్లీవోల్టులన్న జవాబు చక్కగా వస్తుంది, మధ్యలో దేనితోనూ గుణించనక్కర్లేదు. కరెంటు పికోఆంపియర్లలో, కెపాసిటెన్స్ పికోఫారడ్లలో ఉన్నా అంతే. కానీ ఒక గుండె కణం మోడల్‌లో కరెంటును నానోఆంపియర్లలో ఇచ్చి, కెపాసిటెన్స్‌ను పికోఫారడ్లలో ఇస్తే జవాబును 1000తో గుణించాలి. ఆ 1000ని వ్యాసకర్త తన ప్రోగ్రాంలో పెట్టుకుని, అచ్చయిన వ్యాసంలో రాయలేదనుకోండి. చదివినవాళ్ళ కంప్యూటర్లో ఆ గుండె కణం వెయ్యి రెట్లు నెమ్మదిస్తుంది.

సెల్‌ఎంఎల్‌లో ఇది దాగదు. ఒక భాగంలో మిల్లీవోల్టులు, లంకె అవతల వోల్టులు ఉంటే సాఫ్ట్‌వేరే మార్చుకుంటుంది. వోల్టేజీ ఉండవలసిన చోట కరెంటును తెచ్చి తగిలిస్తే కుదరదని చెబుతుంది. తర్వాతి వెర్షన్‌లో, ఒకరు రాసిన మోడల్‌లోంచి కావలసిన భాగాన్ని ఇంకొకరు నేరుగా తమ మోడల్‌లోకి తెచ్చుకునే వీలు వచ్చింది. ఒకరి సోడియం ద్వారాన్ని ఇంకొకరి కణంలో బిగించాలంటే యూనిట్ల మార్పిడి యంత్రానికే తెలిసి ఉండాలి కదా. మొదటి వెర్షన్‌లో పెట్టిన కఠిన నియమం ఫలం అక్కడ చేతికొచ్చింది. 2020లో ప్రచురించిన 2.0 వెర్షన్ మాత్రం కలపడం కన్నా తీసేయడం మీద మనసు పెట్టింది. ఎవరూ పెద్దగా వాడని అంశాలను, రసాయన చర్యల కోసం పెట్టిన ప్రత్యేక అమరికతో సహా, తొలగించారు. ప్రమాణాలు తయారుచేసేవాళ్ళలో ఇంత నిగ్రహం అరుదు.

యూనిట్లు సరిపోయినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. గుర్తు తారుమారైనా యూనిట్లు సరిపోతాయి. 36 బదులు 63 పడినా సరిపోతాయి. ఆ సంగతి తేలాలంటే మోడల్‌ను నడిపి, వచ్చిన గీతను వ్యాసంలో అచ్చయిన గీత పక్కన పెట్టి చూడాలి. అందుకే ఆక్లాండ్ బృందం ప్రమాణాన్ని రాసి చేతులు దులుపుకోలేదు. పాత వ్యాసాలను ఒక్కొక్కటే తీసి, సమీకరణాలను ఎక్కించి, నడిపి చూసి, అందరికీ తెరిచిన భాండాగారంలో పెట్టసాగింది. ఈ పనిలో క్యాథరిన్ లాయిడ్ పేరు ముందు చెప్పుకోవాలి. 2008లో ఆమె, సహచరులు ఆ భాండాగారం గురించి రాసిన వ్యాసంలో మోడళ్ళ పరిశీలనకు అంచెలు చెప్పారు. మొదటి అంచెలో ఫైలు అచ్చయిన వ్యాసంలోని గణితంతో పొల్లుపోకుండా సరిపోవాలి. రెండో అంచెలో అచ్చుతప్పులు తీసి, యూనిట్లు సరిచూసి, ఏ విలువా లోపించకుండా నింపాలి. ద్రవ్యరాశి, విద్యుదావేశం వంటివి ఎక్కడా పుట్టకుండా, మాయమవకుండా ఉన్నాయా అన్నది ఆ పై అంచె.

మొదటి రెండు అంచెల మధ్య పేచీ ఉంది. వ్యాసంలో తప్పు పడి ఉంటే, వ్యాసంతో సరిపోయే ఫైలు నడవదు, నడిచే ఫైలు వ్యాసంతో సరిపోదు. అప్పుడు దేన్ని నమ్మాలి? అచ్చయిన కాగితాన్నా, నడుస్తున్న లెక్కనా? శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కాగితాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ఆ ఫైలూ ఈ ఫైలూ రెండూ ఉంచి, ఏ మార్పు ఎందుకు చేశారో రాసిపెట్టడమే దీనికి దారి. అందుకు వ్యాసకర్తలకు ఉత్తరాలు రాయాలి, వాళ్ళ పాత ప్రోగ్రాంలు అడిగి తెచ్చుకోవాలి, పట్టికలో లేని విలువను గ్రాఫు మీంచి ఊహించాలి. ఇంత ఓపిక పట్టే పనికి పరిశోధన లోకంలో దక్కాల్సినంత గౌరవం దక్కడం లేదన్నది నా అభిప్రాయం. కొత్త మోడల్ రాసినవారికి వ్యాసం, పదోన్నతి. పాత మోడల్‌ను పనిచేసేలా నిలబెట్టినవారికి ఎక్కువసార్లు ఒక కృతజ్ఞత వాక్యం.

ఈ పని ఎంత అవసరమో 2021లో అంకెలతో తేలింది. ఇంగ్లండ్‌లో హింక్స్‌టన్ దగ్గర బయోమోడల్స్ అనే భాండాగారాన్ని నడిపే బృందం 152 పత్రికల్లో వచ్చిన 455 మోడళ్ళను తీసుకుని, వ్యాసంలో ఉన్నదాన్ని బట్టి వాటిని మళ్ళీ నడపాలని చూసింది. దాదాపు సగం నేరుగా నడవలేదు. తామే తప్పులు సరిచేసుకుని, మూల రచయితల సాయం తీసుకుని మరో 12 శాతాన్ని నిలబెట్టారు. మిగిలిన 37 శాతం ఎంత ప్రయత్నించినా పలకలేదు. కారణాల్లో మోసం, కుట్ర లాంటివేమీ లేవు. ఒక విలువ రాయలేదు, మొదటి క్షణంలో ఏ పదార్థం ఎంత ఉందో చెప్పలేదు, సమీకరణం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది. ఇవన్నీ పత్రికల్లో తోటి శాస్త్రవేత్తల పరిశీలన దాటి వచ్చినవే.

బయోమోడల్స్ వాడే భాష వేరు. దాని పేరు ఎస్‌బీఎంఎల్. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో మైకేల్ హుకా, సహచరులు 2000లో మొదలుపెట్టి మరుసటి ఏడాదే మొదటి రూపం తెచ్చారు. సెల్‌ఎంఎల్‌కూ దీనికీ చూపులోనే తేడా ఉంది. ఎస్‌బీఎంఎల్ రసాయన శాస్త్రవేత్త చూసినట్టు చూస్తుంది. ఫలానా పదార్థాలున్నాయి, ఫలానా చర్యలో ఇది అదవుతుంది, వేగం ఇంత. సమీకరణాన్ని సాఫ్ట్‌వేర్ తనే కట్టుకుంటుంది. సెల్‌ఎంఎల్ ఇంజనీరు చూసినట్టు చూస్తుంది. సమీకరణమే మొదలు, అది ఎంజైముదైనా, పొరదైనా, కండరపు బిగువుదైనా ఒకటే. యూనిట్ల విషయంలో ఎస్‌బీఎంఎల్ పట్టుబట్టదు, రాస్తే మంచిదంటుంది. ఎస్‌బీఎంఎల్ పద్ధతి ఎక్కువమందికి సులువనిపించింది. జీవరసాయన రంగంలో ఎస్‌బీఎంఎల్ బాగా వ్యాపించింది, గుండె విద్యుత్తు లెక్కల్లో సెల్‌ఎంఎల్ పాతుకుంది.

రెండు ప్రమాణాలుంటే ఒకదాన్ని ఇంకోటి తినేస్తుందని, లేదా రెండూ కొట్లాడుకుంటాయని అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. 2010 ప్రాంతంలో ఈ ప్రమాణాలు రాసేవాళ్ళందరూ కంబైన్ అనే కూటమిగా చేరారు. ఏటా కలుస్తారు. ఉపన్యాసాల సభ ఒకటి, పక్కపక్కన కూర్చుని ప్రోగ్రాంలు సరిచేసుకునే హార్మొనీ అనే సభ ఇంకొకటి. 2016 జూన్‌లో ఆ రెండో సభకు ఆక్లాండ్ విశ్వవిద్యాలయం ఆతిథ్యమిచ్చింది. ఒకరి సాఫ్ట్‌వేర్ రాసిన ఫైలును ఇంకొకరి సాఫ్ట్‌వేర్ చదివి అదే గీత గీస్తోందా అని చూడడం అక్కడి పని. గీయకపోతే తప్పు ఫైలుదా, సాఫ్ట్‌వేర్‌దా, ప్రమాణం రాసిన వాక్యంలోనే రెండర్థాలున్నాయా? మూడోది తేలితే ఆ వాక్యం రాసినవాళ్ళు పక్క కుర్చీలోనే ఉంటారు.

ఆ విశ్వవిద్యాలయానికి ఇచ్చిపుచ్చుకునే అలవాటు కొత్త కాదు. గణాంకశాస్త్ర విభాగంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల మొదట్లో తమ విద్యార్థుల కోసం రాసుకున్న ఆర్ అనే భాషను 1995లో అందరికీ ఉచితంగా వదిలిపెట్టారు. హైదరాబాదులో జన్యు సమాచారంతో కుస్తీపట్టే ఏ పరిశోధక విద్యార్థిని అడిగినా ఆ పేరు చెబుతారు.

యూనిట్ తర్వాత అంకెతో పాటు వెళ్ళాల్సింది దాని గుర్తింపు. ఒక మోడల్‌లో ఒక చరరాశి ఉంది, పక్కన మిల్లీమోలార్ అని యూనిట్ ఉంది. అది కాల్షియమే అనుకుందాం. కణద్రవంలోని కాల్షియమా, కణం లోపలి కాల్షియం నిల్వల్లో ఉన్నదా, బయటిదా? మనిషి చుట్టూ ఉన్న వాక్యాలు చదివి తెలుసుకుంటాడు. వెయ్యి మోడళ్ళలో వెతకాల్సిన యంత్రానికి ఆ వెసులుబాటు లేదు. అందుకే 2005లో మిరియం అనే నియమావళి వచ్చింది. మోడల్‌లోని ప్రతి ముఖ్యమైన అంశానికీ, అంతర్జాతీయ పదకోశాల్లో ఆ పదార్థానికున్న శాశ్వత గుర్తింపు సంఖ్యను తగిలించాలంటుంది. గుండె కణం శక్తి లెక్కల్లో ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ రాకుండా ఉండవు. ఆ రెండు పదార్థాలూ వెలుగులోకి రావడంలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చేయి ఉంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1920లలో చేసిన పని అది. దానికి ముందే 1925లో వాళ్ళిద్దరూ, ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఏ దేశంలో, ఏ ప్రయోగశాలలో కొలిచినా ఒకే అంకె రావడానికి దారి వేసిన పద్ధతి కనుక దశాబ్దాలపాటు ప్రయోగశాలలన్నీ దాన్నే పట్టుకున్నాయి. ఫైలులో ఏటీపీకి గుర్తింపు సంఖ్య తగిలించేవాళ్ళు ఆ బాటలోనే నడుస్తున్నారని నాకు అనిపిస్తుంది.

గుర్తింపు ఉన్నా ఇంకొకటి మిగిలిపోతుంది. మోడల్‌ను ఎంతసేపు నడిపారు, ఎప్పుడు ఎంత కరెంటు ఇచ్చి కదిపారు, ఏ చరరాశిని గీతగా గీశారు? ఒకే మోడల్, ఒకే విలువలతో, సెకనుకు ఒకసారి కదిపితే ఒక గీత ఇస్తుంది, రెండుసార్లు కదిపితే ఇంకోటి. దీన్ని విడిగా రాసేందుకు సెడ్-ఎంఎల్ అనే మరో ప్రమాణం వచ్చింది. మోడల్ ఒక ఫైలు, దాన్ని ఎలా నడపాలన్నది ఇంకో ఫైలు. ఆక్లాండ్‌లో ఫిజియోమ్ అనే పత్రిక కూడా నడుస్తోంది. పరిశోధకులు వేరే పత్రికలో ప్రచురించిన మోడల్‌కు సంబంధించిన ఫైళ్ళను దీనికి పంపాలి. సమీక్షకులు వ్యాసం చదివి ఊరుకోరు, ఫైలును నడిపి, అచ్చయిన గీతలే వస్తున్నాయో లేదో చూస్తారు.

ఇదంతా గుండె వైద్యానికి ఎంత దూరం? ఇప్పుడు దూరం లేదు. కొన్ని మందులు గుండె కణంలో ఒకరకం పొటాషియం ద్వారాన్ని మూసేసి దాని లయ ప్రాణాంతకంగా తప్పేలా చేస్తాయి. ఆ ప్రమాదమున్న మందును ముందే పట్టుకోవడానికి, ప్రయోగశాల పరీక్షలతో పాటు కంప్యూటర్లోని మానవ గుండె కణాన్ని కూడా వాడాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థతో కలిసి 2013లో సిపా అనే ప్రయత్నం మొదలైంది. దానికి పునాదిగా తీసుకున్నది టామ్ ఓహారా, యోరమ్ రూడీ బృందం 2011లో ప్రచురించిన మోడల్. పదుల కొద్దీ చరరాశులు, వందకు పైగా స్థిరాంకాలు ఉన్న లెక్క అది. సెల్‌ఎంఎల్ రూపంలో ఎవరైనా దించుకోవచ్చు. ఒక మందు మార్కెట్లోకి రావాలా వద్దా అన్న నిర్ణయంలో ఇలాంటి లెక్కకు వాటా ఉన్నప్పుడు, ఆ వెయ్యి గుణకం ఎవరి ప్రోగ్రాంలోనో మిగిలిపోతే నష్టం రోగికే.

సమాచారం ఎవరిది, ఎవరిని అడిగి వాడాలి అన్న మరో ప్రశ్న కూడా న్యూజీలాండ్‌లో లేచింది, అది మోడళ్ళ కన్నా జన్యు సమాచారానికి ఎక్కువ వర్తిస్తుంది. టువటారా అనే ప్రాచీన సరీసృపం జన్యుక్రమాన్ని 2020లో ప్రచురించినప్పుడు, ఆ జీవికి సంరక్షకులుగా తమను తాము భావించే న్గాటివాయ్ అనే మావోరీ మూలవాసుల తెగను శాస్త్రవేత్తలు మొదటి నుంచీ భాగస్వాములను చేసుకున్నారు. జన్యుక్రమాల ఫైలు చాలా సాదాసీదాది. ఎక్కువగా వాడే ఫాస్టా పద్ధతిలో ఒక బాణపు గుర్తు, పక్కన ఒక పేరు, కింద వరసగా ప్రధానంగా నాలుగు అక్షరాలు. ఆ నమూనా ఎవరి నేల మీది జీవిది, వాళ్ళు ఏ షరతు మీద ఇచ్చారు అన్నదానికి అందులో చోటే లేదు. ఒకసారి అంతర్జాతీయ భాండాగారంలోకి వెళ్ళాక ఎవరైనా దించుకోవచ్చు. మావోరీ పండితులు కొందరు ముందుండి, జీవ సమాచారానికి తగిలించే లేబుళ్ళను రూపొందించారు. ఇది ఫలానా తెగ నేలది, వ్యాపారానికి వాడాలంటే వాళ్ళను అడగాలి అన్న సంగతి గుర్తింపు సంఖ్య లాగే ఫైలు వెంట వెళ్తుంది. 2019లో ప్రకటించిన కేర్ సూత్రాలు కూడా ఇదే కోరతాయి. సమాచారం దొరకాలి, మళ్ళీ వాడుకోగలగాలి అన్న 2016 నాటి ఫెయిర్ సూత్రాల పక్కన ఇవి నిలబడ్డాయి.

మన దగ్గరా ఈ ప్రశ్న తలుపు తడుతోంది. దేశంలోని వేర్వేరు జనసమూహాల నుంచి 10 వేల మంది జన్యుక్రమాలను చదవడానికి 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ ఒక భాగస్వామి. ఆ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఫరీదాబాదులో 2022లో ప్రారంభమైన భారతీయ జీవ సమాచార కేంద్రంలో దాన్ని భద్రపరిచారు. కావాలన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి, అనుమతితోనే ఇస్తారు. ఆ అనుమతి ఇప్పుడు దరఖాస్తు కాగితంలో ఉంటుంది. దించుకున్న ఫైలు చేతులు మారి ఐదేళ్ళ తర్వాత ఇంకో ప్రయోగశాలలో తెరుచుకున్నప్పుడు, రక్తం ఇచ్చిన మనిషి ఒప్పుకున్నది ఎంతవరకో ఆ ఫైలే చెప్పగలగాలి. అందుకు కావలసిన పరికరాలు చాలావరకు ఉన్నాయి. గుర్తింపు సంఖ్యలున్నాయి, లేబుళ్ళున్నాయి, షరతులను యంత్రం చదివేలా రాసే పదకోశాలు కూడా తయారవుతున్నాయి. ఫైలు పంపే ప్రతిసారీ వాటిని నింపి పంపడమే ఇక మిగిలింది.